చట్టం ఢిల్లీది... తాళంచెవి రాష్ట్రానిది

అమెరికాలో కేంద్రం వద్దన్నా రాష్ట్రాలు గంజాయి అంగళ్లు తెరిచాయి. మన దగ్గర కేంద్ర చట్టమే రాష్ట్రాలకు ఒక చిన్న తలుపు వదిలింది. ఉత్తరాఖండ్ దాన్ని తీసింది, హిమాచల్ నెడుతోంది. ఆంధ్రప్రదేశ్ కూడా తీస్తే బెళుగుప్ప చేలకు ఒరిగేదేమైనా ఉందా?

అనంతపురం జిల్లా బెళుగుప్పలో ఎరువుల అంగడి అరుగు మీద నలుగురు రైతులు ఒకే ఫోన్లోకి తలలు పెట్టి చూస్తున్నారు. హిమాచల్ ప్రదేశ్‌లో గంజాయి సాగుకు అనుమతి వచ్చేసిందట, ఎకరానికి లక్షలు మిగులుతాయట. వీడియోలో కుర్రాడు ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోతున్నాడు. అది అయిపోయాక వాళ్లలో పెద్దాయన నావైపు తిరిగాడు.

"ఏం సార్, ఆడ ఏసుకోమని గవర్నమెంటే చెప్తాదంట, ఈడ ఏస్తే జైల్లో ఏస్తారంట. ఇదేం లెక్క? దేశమొకటే కదా!"

పక్కనున్న పిల్లవాడు అందుకున్నాడు. "అమెరికాలో ఇంకా ఇచిత్రం మామా. మా పెదనాయన కొడుకు డెన్వర్లో ఉండాడు కదా, ఆడ బోర్డు పెట్టి అంగట్లోనే అమ్ముతారంట."

"మనోడు తాగుతాడేమిరా?"

"యాడిది మామా! తాగినట్ల తెలిస్తే వీసా పోతాదంట."

అందరూ నవ్వారు. అంగట్లో రసీదు ఇచ్చి అమ్మే సరుకు కొంటే వీసా ఎట్లా పోతుందో ఆ పిల్లవాడికి తెలియదు. పెద్దాయన అడిగిందీ, వీడు చెప్పిందీ ఒకే ముడికి రెండు కొసలు. ఒకే మొక్క మీద రెండు ప్రభుత్వాలు రెండు మాటలు మాట్లాడితే, నష్టపోయేది ఆ మాట అన్నవాళ్లు కాదు. డెన్వర్ నుంచి మన్యం దాకా ఈ కథ ఎక్కడ తవ్వినా తేలేది ఇదే.

డెన్వర్‌లో బోర్డు, దేశమంతా నిషేధం

అమెరికా 1970లో చేసిన నియంత్రిత పదార్థాల చట్టం గంజాయిని హెరాయిన్ పక్కన, మొదటి షెడ్యూల్లో కూర్చోబెట్టింది. వైద్యానికి పనికిరానిది, అలవాటుపడితే ప్రమాదకరమైనది అని ఆ షెడ్యూల్ ఉద్దేశం. 1996లో కాలిఫోర్నియా ఓటర్లు 215వ ప్రతిపాదనను గెలిపించి, డాక్టరు చెబితే రోగులు వాడుకోవచ్చన్నారు. 2002లో అదే రాష్ట్రంలో ఒక రోగి ఇంట్లో పెంచుకున్న ఆరు మొక్కలను కేంద్ర అధికారులు వచ్చి పీకేశారు. ఆమె చేసింది రాష్ట్ర చట్టం ప్రకారం సరైనదేనని స్థానిక పోలీసులు అన్నా వినలేదు. ఆమె, ఏంజెల్ రైచ్ అనే మరో రోగి కలిసి కోర్టుకెక్కారు. 2005లో సుప్రీంకోర్టు ఆరుగురికి ముగ్గురు తేడాతో కేంద్రానిదే పైచేయి అని తేల్చింది.

ఆ తీర్పుతో కథ ముగియాలి. ముగియకపోగా ముదిరింది. 2012లో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాల ఓటర్లు రోగం రొష్టు లేకపోయినా పెద్దవాళ్లు కొనుక్కోవచ్చన్నారు. 2014 జనవరి 1న డెన్వర్ సహా కొలరాడోలో అంగళ్లు తెరుచుకున్నాయి. 2023 నవంబరులో ఒహాయో చేరికతో అలాంటి రాష్ట్రాలు 24 అయ్యాయి.

ఇది ఎట్లా సాధ్యమైందంటే, అమెరికా రాజ్యాంగంలో ఒక మెలిక ఉంది. కేంద్రం తన చట్టాన్ని తాను అమలు చేసుకోవచ్చు కానీ, రాష్ట్ర పోలీసుల చేత బలవంతంగా అమలు చేయించలేదు. కొలరాడో తన పోలీసులను పక్కకు తప్పుకోమంది. కేంద్ర ఏజెంట్లు వీధివీధికీ రాలేరు. 2013లో న్యాయశాఖ డిప్యూటీ అటార్నీ జనరల్ జేమ్స్ కోల్ ఒక మెమో రాసి, పిల్లలకు అమ్మకుండా, పొరుగు రాష్ట్రాలకు పాకకుండా చూసుకుంటే మేం జోలికి రామన్నట్టు సంకేతమిచ్చాడు. 2018 జనవరిలో అటార్నీ జనరల్ జెఫ్ సెషన్స్ ఆ మెమోను వెనక్కి తీసుకున్నాడు. అయినా అంగళ్లు మూతపడలేదు. చూసీ చూడనట్టు పోవడం తప్ప అక్కడ ఎవరూ ఎవరికీ ఇచ్చిన హక్కంటూ లేదు.

చూసీ చూడనట్టు పోయే చోట వ్యాపారం కూడా అట్లాగే నడుస్తుంది. కేంద్ర చట్టానికి భయపడి పెద్ద బ్యాంకులు ఈ అంగళ్లకు ఖాతాలు తెరవవు. కోట్ల వ్యాపారం నోట్ల కట్టల మీద సాగుతుంది. పన్ను చట్టంలో 280ఈ అనే నిబంధన ప్రకారం షాపు అద్దె, గుమాస్తాల జీతాలు ఖర్చుగా చూపించుకోవడానికి లేదు. నేరమని చెప్పే చేత్తోనే కేంద్రం ఆ నేరం మీద పన్ను గుంజుకుంటుంది. అమెరికా కాబట్టి దీన్ని సమాఖ్య వ్యవస్థ సౌందర్యం అంటారు, మన దగ్గరైతే ఇంకేదో అనేవాళ్లం.

మన పిల్లలకు మాత్రం కేంద్రమే

అనంతపురం జిల్లాలో ఇప్పుడు అమెరికాలో పిల్లో పిల్లవాడో లేని ఊరు అరుదు. అక్కడి విద్యార్థులకూ, హెచ్1బీ ఉద్యోగులకూ, గ్రీన్‌కార్డు క్యూలో ఏళ్లుగా నిలబడ్డవాళ్లకూ వీసా దగ్గర కొలరాడో చట్టం ఏ విధంగానూ రక్షణ కాదు. వలస చట్టం పూర్తిగా కేంద్రానిది, ఆ చట్టం కళ్లకు గంజాయి ఇంకా నేరమే. శిక్ష పడనక్కర్లేదు, కేసు కూడా ఉండనక్కర్లేదు. వీసా ఇంటర్వ్యూలోనో విమానాశ్రయంలోనో అధికారి అడిగినప్పుడు "ఒకసారి తాగాను, అక్కడ తప్పు కాదు కదా" అని నిజాయితీగా ఒప్పుకుంటే, ఆ ఒప్పుకోలే ప్రవేశం నిరాకరించడానికి చాలినంత కారణం కావచ్చు.

పౌరసత్వం దగ్గరకొచ్చినవాళ్లకూ అంతే. 2019 ఏప్రిల్‌లో అక్కడి పౌరసత్వ, వలస సేవల సంస్థ స్పష్టంగా మార్గదర్శకాలు ఇచ్చింది. రాష్ట్రంలో చట్టబద్ధమే అయినా గంజాయి వాడినా, ఆ పరిశ్రమలో ఉద్యోగం చేసినా సత్ప్రవర్తన లేదని దరఖాస్తు తిరస్కరించవచ్చు. గంజాయి కంపెనీకి లెక్కలు రాసే ఉద్యోగమూ ఆ మాట కిందికే వస్తుంది. పక్క సీట్లో పనిచేసే అమెరికన్‌కు అది మామూలు నౌకరీ. బెళుగుప్ప పిల్లవాడు విన్నది పుకారు కాదు.

మన చట్టంలోని కంత

అమెరికా రాష్ట్రాలు చేసిన పని మన రాష్ట్రాలు చేయలేవు. మాదకద్రవ్యాలు ఉమ్మడి జాబితాలోని అంశం. పార్లమెంటు చట్టానికి ఎదురుగా రాష్ట్రం చట్టం చేస్తే, రాష్ట్రపతి ఆమోదం లేనిదే అది నిలవదు. పైగా కేంద్ర చట్టాన్ని అమలు చేసేది రాష్ట్ర పోలీసే. 1985 నవంబరు 14న అమల్లోకి వచ్చిన మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం (ఎన్‌డీపీఎస్) కింద బెళుగుప్పలో మొక్క దొరికితే కేసు పెట్టేది స్థానిక ఎస్సైయే కానీ ఢిల్లీ నుంచి ఎవరూ దిగరు.

కానీ ఆ చట్టాన్ని రాసినవాళ్లు రెండు కంతలు వదిలారు. ఒకటి అందరికీ తెలిసినదే: చట్టం దృష్టిలో గంజాయి అంటే పూతకొమ్మలు. చరస్ అంటే జిగురు. ఒట్టి ఆకులు, గింజలు ఆ నిర్వచనంలో లేవు. అందుకే వారణాసిలో ప్రభుత్వ అనుమతి ఉన్న భంగు దుకాణాలు దర్జాగా నడుస్తాయి. రెండోది తక్కువమందికి తెలుసు. సెక్షన్ 10 గంజాయి మొక్క సాగును అనుమతించే, నియంత్రించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. సెక్షన్ 14 ఇంకో అడుగు వేసి, నార కోసమో విత్తనం కోసమో అయితే ఉత్తర్వు ఇచ్చి సాగు చేయించవచ్చంది. గసగసాల సంగతి ఇట్లా కాదు. నల్లమందు కేంద్ర జాబితాలోది కాబట్టి మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులకు ఆ లైసెన్సు ఢిల్లీయే ఇస్తుంది. గంజాయి తలుపు తాళంచెవి మాత్రం రాష్ట్ర రాజధానుల్లో ఉంది. చాలాచోట్ల నలభై ఏళ్లుగా అది తుప్పు పట్టిందంతే.

తాళానికి ముందు కథ మన తీరంలోనే ఉంది. బ్రిటిష్ ఏలుబడిలో మద్రాసు రాజధాని ప్రభుత్వం గంజాయి సాగును లైసెన్సు మీద కొద్ది ఊళ్లకే కట్టడి చేసింది. వాటిలో ఒకటి ఇప్పటి బాపట్ల జిల్లా సంతరావూరు. రైతు పండించింది సర్కారు గోదాముకు చేరేది, సుంకం కట్టి అంగళ్లకు పోయేది. 1893లో వేసిన భారత గంజాయి విచారణ సంఘం వెయ్యికి పైగా సాక్షులను విచారించి, మరుసటి ఏడాది సంపుటాల కొద్దీ నివేదిక ఇచ్చింది. మితంగా వాడితే చెప్పుకోదగ్గ హాని లేదు, అతిగా వాడితే ఉంది, నిషేధించడం కంటే పన్ను వేసి అదుపులో పెట్టడం మేలు అన్నది దాని తీర్మానం. ఖజానా మీద మమకారం ఆ తీర్మానంలో కొంత ఉండే ఉంటుంది. 1961లో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల ఒడంబడిక వచ్చింది. భారత్ సంతకం చేసింది, 25 ఏళ్ల గడువు దొరికింది. ఆ గడువు తరుముకొస్తుంటే చేసిందే 1985 చట్టం. 2020 డిసెంబరులో అదే ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల సంఘం 27–25 ఓట్లతో గంజాయిని అతి కఠినమైన జాబితా నుంచి తప్పించింది. తప్పించాలని ఓటేసిన దేశాల్లో భారత్ ఉంది. ఆ ఓటుకు తగ్గ మార్పు మాత్రం ఇంటి చట్టంలో రాలేదు.

కొండల్లో ఏం జరుగుతోంది

ఉత్తరాఖండ్ 2018లో సెక్షన్ 14 కింద హెంప్ సాగుకు లైసెన్సు ఇచ్చి దేశంలో మొదటి రాష్ట్రమైంది. హెంప్ అంటే వేరే జాతి ఏమీ కాదు, మత్తు ఎక్కించే టీహెచ్‌సీ 0.3 శాతం దాటని గంజాయి మొక్కే. చూడ్డానికి తేడా కనబడదు. గంజాయి వనంలో తులసి మొక్క అంటాం కదా, ఇక్కడ గంజాయే తులసిలా ఉండాలి. కుమావూ, గఢ్వాల్ కొండల్లో ఆ గింజల పచ్చడి తరతరాలుగా తింటున్నారు, నారతో తాళ్లు పేనుకుంటున్నారు. చిక్కేమిటంటే, అక్కడ తరతరాలుగా పెరిగే నాటు రకాలు చాలావరకు ఆ 0.3 గీత దాటేస్తాయి. అనుమతి కాగితం ఉంది, విత్తనం లేదు. ఇన్నేళ్లయినా ఆ సాగు పుంజుకోకపోవడానికి అదొక పెద్ద కారణం.

హిమాచల్ ఇంకా జాగ్రత్తగా నడిచింది. రెవెన్యూ మంత్రి జగత్ సింగ్ నేగి అధ్యక్షతన 2023లో కమిటీ వేసింది. 2024 సెప్టెంబరులో ఆ నివేదికను అసెంబ్లీ ఆమోదించింది. 2025 జనవరిలో మంత్రివర్గం పాలంపూర్, నౌణీ వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాలు ప్రయోగాత్మకంగా పండించి చూడాలంది. రైతు చేతికి ఇంకా ఏమీ రాలేదు. బెళుగుప్ప అరుగు మీద తిరిగిన వీడియో ఈ ముక్క చెప్పలేదు.

మన్యంలో మరో లెక్క

ఆంధ్రప్రదేశ్ ఇప్పటిదాకా ఆ దారి పట్టలేదు. పట్టకపోవడానికి కారణం అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో ఉంది. చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు మండలాల్లో శీలావతి రకం గంజాయికి దేశమంతా గిరాకీ. 2021 అక్టోబరు చివర్లో పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన' మొదలుపెట్టి, తమ లెక్కల ప్రకారం 7,500 ఎకరాలకు పైగా తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో రెండు లక్షల కిలోల సరుకును కుప్పలు పోసి తగలబెట్టారు. 2024 నవంబరులో 'ఈగల్' పేరుతో ప్రత్యేక దళం, 1972 నంబరుతో ఫిర్యాదుల ఫోను వచ్చాయి. కొండల మీద డ్రోన్లు తిరుగుతున్నాయి. కాఫీ, మిరియాలు, రాజ్‌మా, పసుపు విత్తనాలు పంచారు.

గిరిజన రైతు గంజాయికి ఎందుకు లొంగాడో ఎవరైనా నిజాయితీగా అడిగితే జవాబు మత్తులో లేదు, బేరంలో ఉంది. గంజాయికి పెట్టుబడి దళారీయే తెచ్చిస్తాడు. విత్తనం వాడిదే. పంట చేతికొస్తే గడప దగ్గరకొచ్చి డబ్బిచ్చి పట్టుకుపోతాడు. ధాన్యానికో పసుపుకో ప్రభుత్వం ఇంత మర్యాద ఎన్నడూ చేయలేదు. పట్టుబడేటప్పుడు మాత్రం దళారీ ఉండడు. మూట మోసినవాడో, కారు నడిపిన కుర్రాడో దొరుకుతాడు. 20 కిలోలు దాటితే అది వాణిజ్య పరిమాణం: కనీసం పదేళ్లు, గరిష్ఠం ఇరవై. సెక్షన్ 37 కింద, నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి సహేతుకమైన కారణం జడ్జికి కనబడితే తప్ప బెయిలు లేదు. జామీను ఇచ్చేవాళ్లు దొరకని మన్యం పిల్లలు ఏళ్ల తరబడి విచారణ ఖైదీలుగా ఉండిపోతారు.

అందుకని తలుపు తీయాలన్న మాట ఎత్తగానే మన పోలీసు శాఖ గుండెలు బాదుకుంటుందంటే తప్పు పట్టలేం. పచ్చగా ఉన్న తోటలో 0.3 శాతం ఎంతో, 10 శాతం ఎంతో కానిస్టేబుల్ కంటికి తెలియదు. ప్రయోగశాలకు పంపాలి. లైసెన్సు తోట మాటున శీలావతి పెరగదని ఎవరు హామీ ఇస్తారు?

కరువు నేలకు ఈ పంట వస్తుందా?

ఇక బెళుగుప్ప సంగతి. హెంప్‌కు నీళ్లు అక్కర్లేదు, రాళ్లలోనైనా పెరుగుతుంది అనేది అంతర్జాలంలో బాగా పాకిన మాట. కలుపులాగా పెరగడం వేరు, పంటగా దిగుబడి ఇవ్వడం వేరు. నార గట్టిగా రావాలంటే నాలుగు నెలల సీజన్లో 500 నుంచి 700 మిల్లీమీటర్ల తడి కావాలి. ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఏడాది మొత్తం మీద సగటు వాన 552 మిల్లీమీటర్లు. అది కూడా సెప్టెంబరు, అక్టోబరుల్లో రెండు మూడు వానల్లో కొట్టేసి పోతుంది. శెనక్కాయ ఊడలు దిగే వేళకు వాన లేక, కాయ పట్టే వేళకు వాన లేక, కట్టె మేతకు తప్ప పనికిరాని సంవత్సరాలు ఇక్కడ ఎన్నో. శెనక్కాయ రకాల్లో టీఎంవీ–2 పోయి కె–6 వచ్చింది, ఆ తర్వాత కదిరి లేపాక్షి వచ్చింది. అదీ వాన పడితేనే.

ఇంకో ఇబ్బంది పొద్దుది. ఐరోపాలో తయారైన తక్కువ టీహెచ్‌సీ నార రకాలు పదిహేను, పదహారు గంటల వేసవి పగటికి అలవాటు పడ్డవి. మనకు జూన్‌లో కూడా పగలు పదమూడు గంటలే. ఇక్కడ నాటితే మోకాలెత్తున్నప్పుడే పూతకొచ్చేస్తాయి, నార సాగదు. ఉష్ణమండలానికి పనికొచ్చే విత్తనం వేరే తయారు కావాలి. ఆ పని రేకులకుంట వ్యవసాయ పరిశోధన కేంద్రం లాంటి చోట కొన్నేళ్లు జరిగితే తప్ప రైతు చేనుదాకా వచ్చే మాట కాదు.

నీళ్లున్నచోట వేసుకోవచ్చు కదా అనొచ్చు. నిజమే, ఈ మండలంలోనే జీడిపల్లి రిజర్వాయరు ఉంది. శ్రీశైలం వెనుక జలాల్లో మాల్యాల దగ్గర తోడిన కృష్ణ నీళ్లు హంద్రీ–నీవా కాలువలో ఎత్తిపోతల మీద ఎత్తిపోతలు దాటి 2012లో ఇక్కడికి చేరాయి. కాలువ దగ్గరో, బోరు మిగిలిన చోటో ఉన్న రైతు మిరప వేస్తాడు, చీనీ తోట పెడతాడు, టమోటా కడతాడు. వాటికి తిట్టుకుంటూనైనా ఒక మార్కెట్టు ఉంది. నీళ్లున్నవాడికి హెంప్ అవసరం లేదు, అవసరమున్నవాడికి నీళ్లు లేవు.

పోనీ నారే కావాలనుకుంటే, నీళ్లు అడగని నార మొక్క మన గట్ల మీదే ఉంది. కిత్తలి. ముళ్ల కత్తుల్లాంటి ఆ ఆకులను కోసి, నీళ్లలో నానబెట్టి, రాయి మీద బాది, తెల్లటి నార తీసి మోకులు, చిక్కాలు, పలుపులు పేనడం ఈ పల్లెల్లో పెద్దవాళ్లకు ఇంకా గుర్తుంది. నైలాను తాడు వచ్చి ఆ పనిని పూడ్చింది. కిత్తలి ఇప్పటికీ గట్టు మీద నిగనిగలాడుతూ నిలబడే ఉంది, కొనేవాడే లేడు. కొనేవాడు లేని నార హెంప్‌దైనా ఒకటే.

కొత్త పంట పేరు చెప్పి లక్షలు చూపించినవాళ్లను రాయలసీమ చాలామందిని చూసింది. సఫేద్ ముస్లీ, జట్రోఫా, ఈము పక్షులు. పిల్లలు కొనేవాడు ఉన్నంతకాలం ఈము బంగారు పక్షి, తర్వాత మేత దండగ. అమెరికాలో హెంప్ నడక కూడా అచ్చం అంతే. 2018 చివర్లో అక్కడి కేంద్రం వ్యవసాయ చట్టంలో 0.3 శాతం లోపు హెంప్‌ను నిషేధం నుంచి తీసేసింది. రైతులు పొగాకు మాని దాని మీద పడ్డారు. 2021లో 82.4 కోట్ల డాలర్లు పలికిన పంట, ఒక్క ఏడాది తిరిగేసరికి 23.8 కోట్లకు పడిపోయింది. చట్టం అడ్డు తొలగినంత మాత్రాన కొనుగోలుదారు పుట్టడు. గీత దాటిన తోటను నాశనం చేయించే నిబంధన మాత్రం అక్కడా ఉంది, ఆ నష్టం రైతుదే.

తలుపు అసలే తెరవొద్దని నేను అనను. సెక్షన్ 14 కాగితానికే పరిమితం కావాలని చట్టం చేసినవాళ్లు అనుకుని ఉండరు. ఆయుర్వేదంలో విజయ పేరుతో ఈ ఆకు వాడకం లైసెన్సు మీద సాగుతూనే ఉంది. జమ్మూలో కేంద్ర పరిశోధన సంస్థ నొప్పి నివారణ మందుల కోసం దీన్ని పెంచుతోంది. రాష్ట్రం నిజంగా అడుగు వేయదలిస్తే రైతు చేతికి ముందు లైసెన్సు కాదు ఇవ్వాల్సింది. విశ్వవిద్యాలయం పొలంలో విత్తనం తేలాలి, జిల్లాలో పరీక్షశాల ఉండాలి, గీత దాటితే నష్టం ఎవరిదో ఉత్తర్వులోనే రాసుండాలి, కొనేవాడు ముందే సంతకం పెట్టాలి. ఈ నాలుగూ లేకుండా హిమాచల్ చూసి వాతలు పెట్టుకుంటే, ఖజానాకు ఏమో గానీ ఈ ఎర్రనేలలో మరో ఈము కథ తయారవుతుంది. రాష్ట్ర ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్ సొంత నియోజకవర్గం ఉరవకొండలోనే బెళుగుప్ప ఉంది కాబట్టి, ఈ లెక్క ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఈలోపు ఒక్క సంగతి తెలుసుకుంటే చాలు. హెంప్ గింజలను ఆహారంగా గుర్తిస్తూ 2021 నవంబరులో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నోటిఫికేషన్ ఇచ్చింది. ఆన్‌లైన్‌లో ప్యాకెట్లు దొరుకుతున్నాయి. తెప్పించుకుని వేయించి పొడి కొట్టుకోవచ్చు, పచ్చడి నూరుకోవచ్చు. అదే ప్యాకెట్లోంచి పిడికెడు తీసి కంది సాళ్ల మధ్య విదిలిస్తే అది సెక్షన్ 20 కింద సాగు: ఒక మొక్కయినా వందయినా పదేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. ఆ సంగతి తెలిసీ పోలీసులకు చెప్పకపోతే సెక్షన్ 47 ప్రకారం సర్పంచి కూడా జవాబు చెప్పుకోవాలి.